వీల్‌చైర్‌లో కూర్చున్నవారికి బండిలో బెల్టు: బిగించే పద్ధతి, వాడే పద్ధతి

కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల నుంచి చాలామంది పదేపదే అడుగుతున్న ప్రశ్న ఇది: "మా అమ్మను వీల్‌చైర్‌తో సహా వ్యాన్‌లో ఎక్కించి ఆసుపత్రికి తీసుకెళ్లాలి. కుర్చీ కదలకుండా ఎలా కట్టాలి?"

ఈ ప్రశ్నలో కుర్చీ సంగతే ఉంది, అమ్మ సంగతి లేదు. కుర్చీని ఎంత గట్టిగా కట్టినా, అందులో ఉన్న మనిషికి బెల్టు లేకపోతే బ్రేకు పడగానే మనిషి ముందుకు పడిపోతుంది. మనిషికి మాత్రమే బెల్టు వేసి కుర్చీని వదిలేస్తే, వెనక నుంచి కుర్చీ బరువంతా వచ్చి ఆమె మీదే పడుతుంది. అందుకే కుర్చీకి ఒక కట్టు, మనిషికి వేరే కట్టు ఉండాలి. రెండూ విడివిడిగా బండి బాడీకే చేరాలి. కింద చెప్పే అంచెలన్నీ ఈ ఒక్క విషయం మీదే నడుస్తాయి.

ఎంత బలం తట్టుకోవాలో ముందే తెలిస్తే ఎక్కడ రాజీ పడకూడదో అర్థమవుతుంది. ఈ బెల్టులకు అంతర్జాతీయంగా చేసే పరీక్షలో బండి గంటకు 48 కిలోమీటర్ల వేగంతో ఎదురుగా గుద్దుకున్నట్టు లెక్క వేస్తారు. ఆ క్షణంలో పడే బలం బరువుకు దాదాపు 20 రెట్లు. 60 కిలోల మనిషి 1,200 కిలోల బరువుతో లాగినట్టు, 20 కిలోల మడత కుర్చీ 400 కిలోలతో లాగినట్టు. "నేను పక్కన కూర్చుని పట్టుకుంటాలే" అనే మాట ఇక్కడ పనికిరాదు. 48 అంటే హైవే వేగం కూడా కాదు, ఊరి బయట ఆటో వేగం.

## 1. అసలు వీల్‌చైర్‌లోనే కూర్చోవాలా?

మొదట తేల్చుకోవాల్సింది ఇది. మనిషి బండి సీటులోకి మారగలిగితే, లేదా ఇద్దరు సాయం పట్టి క్షేమంగా మార్చగలిగితే, సీటే మేలు. బండి సీటు, దాని బెల్టు, తల ఆనించే దిండు ప్రమాదాన్ని లెక్కలో పెట్టుకునే తయారవుతాయి. చాలా వీల్‌చైర్లు అలా తయారు కావు.

సీటులోకి మారాక ఖాళీ కుర్చీని మడిచి డిక్కీలో పెట్టండి. లోపలే పెట్టాల్సి వస్తే కట్టేయండి. ఊరికే ఆనించి వదిలేసిన కుర్చీ గుద్దుకున్నప్పుడు ముందు సీటువాళ్ల మీదికి ఎగిరొస్తుంది.

కుర్చీలోనే ఉండాల్సినవాళ్లు వీళ్లు: సీటులో నిలవలేనంతగా నడుము, మెడ పట్టు లేనివాళ్లు, ఒళ్లు బిగుసుకుపోయి వంగనివాళ్లు, ఎత్తి మారిస్తే ఎముకకో పుండుకో దెబ్బ తగిలే ప్రమాదం ఉన్నవాళ్లు, బరువున్న కరెంటు కుర్చీ తప్ప వేరే ఆధారం లేనివాళ్లు. సందేహముంటే ఫిజియోథెరపిస్టును ఒక్కసారి అడగండి. ఆయన మార్చే పద్ధతి చూపిస్తే చాలామంది సీటులోకి మారగలుగుతారు.

చేత్తో తిప్పే మూడు చక్రాల బండిలో, బ్యాటరీ స్కూటరులో కూర్చున్నవాళ్లను మాత్రం అలాగే వ్యానులోకి ఎక్కించకండి. అవి పొడుగ్గా, ఎత్తుగా ఉండి పక్కకు ఒరుగుతాయి. వాటిలో చాలావాటికి బెల్టు తగిలించే చోటే ఉండదు.

## 2. కుర్చీని పరీక్షించండి

కుర్చీ ఫ్రేము మీద నాలుగు చోట్ల, ముందు రెండు, వెనక రెండు, కొక్కెం బొమ్మ ఉన్న స్టిక్కరు ఉందేమో చూడండి. ఐఎస్ఓ 7176-19 అనే ప్రమాణం ప్రకారం పరీక్షించిన కుర్చీలకు ఈ గుర్తు ఉంటుంది. హుక్కు తగిలించాల్సింది సరిగ్గా అక్కడే.

మనవైపు వాడే సాధారణ మడత కుర్చీల్లో చాలావాటికి ఈ గుర్తులు ఉండవు. అప్పుడు మీరే చోటు వెతకాలి. రెండు లావు పైపులు కలిసి వెల్డింగ్ అయిన మూల చూడండి. వెనకవైపు సీటు ఎత్తుకు కాస్త కింద, వీపు పైపు సీటు పైపును కలిసే చోటు మంచిది. ముందువైపు సీటు కింద, నిలువు పైపు మీద. దొరికాక ఎర్ర టేపు చుట్టి గుర్తు పెట్టండి. రేపు మీరు లేనప్పుడు డ్రైవరు వెతుక్కోవాల్సిన పని ఉండదు.

హుక్కు ఎప్పుడూ తగిలించకూడని చోట్లు:

- చక్రం, చువ్వలు, చేత్తో తిప్పే రింగు
- కాళ్లు పెట్టే పలక
- ఊడి వచ్చే చేతి ఆనువు
- సీటు కింద ఇంటూ గుర్తులా ఉండే మడత పైపులు
- నట్టుతో బిగించిన చిన్న పట్టీలు, ముందు చిన్న చక్రాల ఫోర్కు

మడత కుర్చీ పూర్తిగా తెరుచుకుని లాక్ అయిందా, బ్రేకులు పట్టుతున్నాయా, వీపు గుడ్డ చిరిగిందా అని కూడా చూసుకోండి. వీపు వాల్చే కుర్చీ అయితే ప్రయాణంలో నిటారుగా ఉంచండి. వైద్య కారణంతో వాల్చక తప్పదంటే నిలువు నుంచి 30 డిగ్రీలు మించకూడదు. మరీ వాలితే భుజం బెల్టు ఒంటిని తాకదు, మనిషి నడుము బెల్టు కింద నుంచి జారిపోతుంది.

## 3. బండిలో చోటు

కుర్చీ ముఖం బండి ముందువైపే ఉండాలి. పక్కకు తిప్పి కూర్చోబెట్టడం చాలా వ్యాన్లలో కనిపిస్తుంది, ఎందుకంటే పక్క తలుపు నుంచి ఎక్కించి అలాగే వదిలేయడం సులువు. గుద్దుకున్నప్పుడు పక్కకు ఉన్న కుర్చీ మెలి తిరిగి మడుచుకుపోతుంది, నడుము బెల్టు మనిషిని పట్టలేదు. చోటు చాలక పక్కకు పెట్టాల్సి వస్తోందంటే ఆ బండి ఈ పనికి తగదు.

ఎత్తు కొలవండి. వీల్‌చైర్‌లో కూర్చున్న పెద్దవాళ్ల తల నేల నుంచి సుమారు 130 నుంచి 140 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. ఈకో లాంటి చిన్న వ్యానులో సీట్లు తీసేసినా తల కప్పుకు తగులుతుంది. మెడ వంచుకుని కూర్చోబెట్టి అనంతపురం నుంచి బెంగళూరు దాకా తీసుకెళ్లడం కుదిరే పని కాదు. హైరూఫ్ ట్రావెలర్, వింగర్ లాంటివి నయం. బండి మాట్లాడుకునే ముందే మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి టేపుతో కొలిచి, ఆ అంకెను డ్రైవరుకు చెప్పండి.

మనిషి తల ముందు కనీసం 65 సెంటీమీటర్ల ఖాళీ కావాలి. ఇది నడుము బెల్టు, భుజం బెల్టు రెండూ ఉన్నప్పటి లెక్క. భుజం బెల్టు లేకపోతే 95 సెంటీమీటర్లు కావాలి, ఎందుకంటే ఒళ్లు అంత దూరం ముందుకు వంగుతుంది. తల వెనక 40 సెంటీమీటర్లు వదలండి. ఆ ఖాళీలో ఆక్సిజన్ సిలిండరు, స్టెప్నీ, నీళ్ల క్యాను పెట్టకూడదు.

## 4. ఏం కొనాలి

అడగాల్సిన పేరు: నాలుగు పట్టీల వీల్‌చైర్ టై-డౌన్ కిట్టు, దాంతోపాటు మనిషికి మూడు చోట్ల పట్టే బెల్టు. లేబుల్ మీద ఐఎస్ఓ 10542 అని ఉండాలి. పట్టీలు, నేల యాంకర్లు (పట్టీలను నేలకు పట్టించే బిగింపులు), మనిషి బెల్టు ఒకే కంపెనీవి తీసుకోండి. ఒకరి హుక్కు ఇంకొకరి రైలులో (నేలకు బిగించే గాడి పట్టీలో) సగమే కూర్చుని, పట్టినట్టు కనిపిస్తుంది.

కరెంటు కుర్చీ అయితే దాని బరువు చెప్పి కిట్టు అడగండి. బ్యాటరీలతో కలిపి 80 కిలోలు దాటే కుర్చీలు మామూలే. 20 రెట్ల లెక్కలో అది 1,600 కిలోల లాగుడు. కొన్ని బరువైన కుర్చీలకు వెనక అదనంగా రెండు పట్టీలు వేయమని తయారీదారులే చెబుతారు.

లారీలకు లోడు కట్టే రాచెట్ బెల్టు చవక, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా దొరుకుతుంది. దాన్నే వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. వద్దు. అది కదలని బరువును పట్టి ఉంచడానికి చేసింది. దాని హుక్కుకు మూత ఉండదు, పట్టీ కాస్త వదులైతే ఊడి వస్తుంది. పైగా దాని రాచెట్‌తో బిగిస్తే మడత కుర్చీ పైపు వంగిపోతుంది. ప్లాస్టిక్ తాడు, ట్యూబు ముక్క, సాగే హుక్కు తాడు సంగతి చెప్పనే అక్కర్లేదు.

## 5. నేలకు యాంకర్లు బిగించడం

ఈ పని ఇంట్లో చేసేది కాదు. కానీ మెకానిక్ దగ్గర నిలబడి మీరు చూడాల్సినవి ఉన్నాయి, ఎందుకంటే బయటికి అంతా బాగానే కనిపిస్తూ లోపల బలహీనంగా ఉండే చోటు ఇదే.

మొదట కాగితాల పని. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలకు భిన్నంగా బండిని మార్చడానికి వీల్లేదు. సీట్లు తీయడం, ర్యాంపు పెట్టడం, నేలను మార్చడం లాంటివి చేసే ముందు ఆర్టీఓ ఆఫీసులో అడిగి, అనుమతి రాతపూర్వకంగా తీసుకోండి. బీమా కంపెనీకీ తెలియజేయండి.

తర్వాత కొలత. కుర్చీని దాని చోట నిలబెట్టి, నేల మీద సుద్దముక్కతో నాలుగు చక్రాల గుర్తులు పెట్టండి. పట్టీలు నేలతో చేసే కోణం ముఖ్యం:

- వెనక పట్టీలు: 30 నుంచి 45 డిగ్రీలు. కుర్చీ మీద హుక్కు చోటు 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, నేల యాంకరు దానికి 40 నుంచి 70 సెంటీమీటర్లు వెనక రావాలి. రెండు పట్టీలూ వంకర లేకుండా తిన్నగా వెనక్కి పోవాలి.
- ముందు పట్టీలు: 40 నుంచి 60 డిగ్రీలు. హుక్కు చోటు 20 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే, యాంకరు 12 నుంచి 24 సెంటీమీటర్లు ముందుకు. ఇవి కుర్చీ వెడల్పు కన్నా కాస్త బయటికి ఉంటే కుర్చీ పక్కకు ఊగదు.

కోణం చూడటానికి ఫోనులో లెవెల్ యాప్ చాలు. పట్టీ మీద ఫోను అంచు ఆనిస్తే డిగ్రీలు కనిపిస్తాయి.

ఇప్పుడు బోల్టులు. వ్యాను నేల అంటే పలుచటి రేకు. రేకుకు రంధ్రం వేసి మామూలు వాషరుతో బోల్టు బిగిస్తే, చేత్తో లాగినప్పుడు కదలదు. గుద్దుకున్నప్పుడు మాత్రం రేకు చిరిగి బోల్టు, వాషరు, యాంకరు అన్నీ కలిసి పైకి వచ్చేస్తాయి. అందుకని నేల కింద, బయటివైపు, కిట్టుతో వచ్చే ఉక్కు ప్లేటు వేయాలి. వీలైతే యాంకరును ఛాసీ అడ్డపట్టీ మీదికే తేవాలి. నేల మీద ప్లైవుడ్ పరిచి ఉంటే దాని మీద నేరుగా బిగించవద్దు. చెక్క నొక్కుకుపోయి బోల్టు వదులవుతుంది. యాంకరు ఉన్నంత మేర చెక్క కోసి, లోహం మీద లోహం కూర్చోవాలి.

మెకానిక్ దగ్గర చూసుకోవాల్సినవి:

- బోల్టు తల మీద 8.8 లేదా అంతకు మించిన అంకె ఉందా
- కిట్టుతో వచ్చిన బోల్టులే వాడుతున్నాడా, పాత డబ్బాలోవా
- నట్టు మామూలుది కాకుండా, లోపల నైలాన్ రింగు ఉన్న రకమేనా
- బిగించాక నట్టు దాటి రెండు మరలైనా బయటికి కనిపిస్తున్నాయా
- టార్క్ రెంచితో కిట్టు పుస్తకంలో చెప్పినంత బిగించాడా
- రంధ్రం వేసే ముందు కింద పెట్రోలు ట్యాంకు, బ్రేకు పైపు, వైర్లు, గ్యాసు సిలిండరు ఎక్కడున్నాయో చూశాడా
- రంధ్రం అంచులకు ప్రైమరు పూసి, వాన నీరు దిగకుండా మూశాడా

వెల్డింగ్‌తో పని ముగించేద్దామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. పలుచటి రేకుకు వేసిన వెల్డింగ్ చుట్టూ లోహం పెళుసవుతుంది. కిట్టు హుక్కుకూ రైలుకూ అసలు వెల్డింగ్ తగలనివ్వకూడదు.

భుజం బెల్టు పై యాంకరు బండి గోడ స్తంభానికి పెట్టాలి. కూర్చున్న మనిషి భుజం కన్నా పైన, కాస్త వెనక ఉండాలి. భుజం కన్నా కిందికి ఉంటే గుద్దుకున్నప్పుడు బెల్టు వెన్నెముకను కిందికి అదుముతుంది. ఇంట్లో ఒకరు పొట్టి, ఒకరు పొడుగు ఉంటే ఎత్తు మార్చుకునే రకం పెట్టించండి.

## 6. కుర్చీ కట్టే వరుస

ఈ వరుస ప్రతిసారీ ఒకటే. తొందరగా ఉన్నా మార్చకండి.

1. కుర్చీని గుర్తుల మధ్యకు, ముఖం ముందుకు తెచ్చి రెండు బ్రేకులు వేయండి. కరెంటు కుర్చీ అయితే స్విచ్ ఆఫ్ చేయండి. చేత్తో తోయడానికి పెట్టిన లివరు న్యూట్రల్‌లో ఉండిపోకూడదు.
2. ముందు పట్టీలు రెండూ తగిలించండి. హుక్కు లోపలికి పూర్తిగా దిగి, మూత పడాలి.
3. వెనక పట్టీలు రెండూ తగిలించి బిగించండి. వెనకవి బిగిస్తుంటే ముందువి తమంతట తామే బిగుసుకుంటాయి.
4. పట్టీ మెలి తిరిగిందా, పదునైన అంచుకు రాసుకుంటోందా చూడండి. హుక్కు పట్టని లావు పైపు అయితే కంపెనీ ఇచ్చే లూపు పట్టీ వాడండి. ముడి వేయొద్దు, ముడి పడ్డ పట్టీకి బలం బాగా తగ్గిపోతుంది.
5. వెనక పిడులు పట్టుకుని కుర్చీని ముందుకు, వెనక్కి, పక్కలకు ఊపండి. 5 సెంటీమీటర్లకు మించి కదిలితే మళ్లీ బిగించండి.
6. భోజనం పలక, ఒళ్లో సంచి, పిడికి వేలాడే బ్యాగు తీసేయండి.

బిగింపు ఎంత ఉండాలి? పట్టీలో వదులు ఉండకూడదు, ఫ్రేము వంగకూడదు. మడత కుర్చీ పక్క పైపులు లోపలికి వస్తున్నట్టు కనిపిస్తే ఎక్కువైంది.

## 7. మనిషికి బెల్టు

కొన్ని కుర్చీలకు ముందే ఒక బెల్టు కుట్టి ఉంటుంది, నడుముకో గుండెకో పెట్టేది. అది మనిషి ఒరగకుండా కూర్చోవడానికి. ప్రయాణంలో దాన్ని అలాగే ఉంచండి, కానీ అదే భద్రత అనుకోకండి. వెల్క్రోతో అంటించే పట్టీ ఒక్క గట్టి బ్రేకుకే విడిపోతుంది. దానికి పైన బండి బెల్టు పడాల్సిందే.

నడుము బెల్టుతో మొదలుపెట్టండి. మనిషి నడుము పూర్తిగా వెనక్కి ఆనేలా కూర్చోబెట్టండి. బెల్టును చేతి ఆనువు పైనుంచి కాకుండా, ఆనువుకూ సీటుకూ మధ్య ఉన్న సందులోంచి లోపలికి దూర్చండి. ఆ సందు పూర్తిగా రేకుతో మూసి ఉంటే, ఊడే ఆనువును తీసి పక్కన కట్టేయండి.

బెల్టు తొడలు మొదలయ్యే మడత దగ్గర, తుంటి ఎముకల మీద పడాలి. పొట్ట మీద కాదు. పొట్ట మీదుంటే గుద్దుకున్నప్పుడు అది పేగులను, కాలేయాన్ని నొక్కుతుంది. పక్క నుంచి చూస్తే నేలతో 45 నుంచి 75 డిగ్రీల కోణంలో, అంటే బాగా నిటారుగా కిందికి దిగాలి. కోణం పడుకున్నట్టుంటే బెల్టు మెల్లగా పైకి జరిగి పొట్ట ఎక్కుతుంది.

ఇక భుజం బెల్టు. భుజం మధ్య నుంచి, గుండె మీదుగా, ఎదుటి తుంటి పక్కకు రావాలి. మెడను కోసుకుపోకూడదు, భుజం అంచు నుంచి జారిపోకూడదు. చంక కింద నుంచి ఎప్పుడూ వేయొద్దు, పక్కటెముకలు విరుగుతాయి. బకిల్ తుంటి పక్కన ఉండాలి, పొట్ట మధ్యలో కాదు, చక్రానికి తగిలేలా కాదు. చక్రం తగిలి బకిల్ మీట నొక్కుకుపోతే బెల్టు ఊడుతుంది.

బెల్టుకూ గుండెకూ మధ్య అరచేయి చదునుగా దూరేంత సందు చాలు. చలి అని దుప్పటి కప్పితే బెల్టు దాని కింద ఉండాలి, ఒంటికి దగ్గరగా. చీర పమిట, చున్నీ బకిల్‌లో ఇరుక్కోకుండా పక్కకు తీసి వేయండి. తల వెనక ఆనువు తప్పకుండా ఉండాలి, వెనక నుంచి బండి గుద్దితే మెడను కాపాడేది అదే. మెడకు, నుదుటికి పట్టీ వేసి కుర్చీకి కట్టడం మాత్రం ప్రాణం తీసే పని.

## 8. స్పర్శ లేనివాళ్ల విషయంలో అదనపు జాగ్రత్త

వెన్నుపూస దెబ్బతిని నడుము కింద స్పర్శ లేనివాళ్ల గురించి వేరుగా చెప్పాలి.

మన ఎండలు ఏప్రిల్, మేలో 42, 43 డిగ్రీలు దాటతాయి. కర్నూలులో మధ్యాహ్నం ఎండలో అద్దాలు మూసి నిలిపిన బండిలో బకిల్ లోహం చేతికి చురుక్కుమంటుంది. మనకైతే వెంటనే చేయి వెనక్కి వస్తుంది. స్పర్శ లేని తొడ మీద అదే బకిల్ గంటసేపు ఉన్నా వాళ్లకు తెలియదు. సాయంత్రం బట్టలు మార్చేటప్పుడు బొబ్బ కనిపిస్తుంది, ఆ బొబ్బ మానడానికి నెలలు పడుతుంది. బెల్టు పెట్టే ముందు బకిల్‌ను మీ మోచేతి లోపలి వైపు తాకించి చూడండి. వేడిగా ఉంటే తడిగుడ్డతో తుడిచి ఆరనివ్వండి. బండి నిలిపినప్పుడు బెల్టుల మీద తెల్ల తుండు కప్పి వెళ్లండి.

బెల్టు కింద లుంగీ మడత, ప్యాంటు జేబులో తాళంచెవులు, ఫోను ఉండకూడదు. అవి ఒరిసి పుండ్లు పడతాయి. మూత్రం గొట్టం బెల్టు కింద నలిగితే సంచిలోకి దిగదు, కడుపు ఉబ్బి రక్తపోటు పెరుగుతుంది. మెడ, ఛాతీ పైభాగంలో వెన్ను దెబ్బ తగిలినవాళ్లకు ఇది చాలా ప్రమాదం. సంచి మోకాలి కన్నా కింద, గొట్టం తొడ మీదుగా, బెల్టు దానికి తగలకుండా ఉండాలి. బయల్దేరే ముందు సంచి ఖాళీ చేయండి.

## 9. తరచూ కనిపించే తప్పులు, దిద్దుకునే తీరు

కుర్చీ ముందుకు వెనక్కి ఊగుతోంది. వెనక పట్టీ కోణం ఎక్కువ నిటారుగా ఉంది. యాంకరును వెనక్కి జరపండి.

మలుపుల్లో పక్కకు ఒరుగుతోంది. ముందు పట్టీలు మరీ లోపలికి ఉన్నాయి, లేదా హుక్కులు బాగా కిందికి తగిలించారు.

భుజం బెల్టు మెడకు రాసుకుంటోంది. టవలు మడిచి పెట్టడం పరిష్కారం కాదు. పై యాంకరు ఎత్తు మార్చండి, లేదా కుర్చీని గోడ నుంచి కాస్త లోపలికి జరిపి కట్టండి.

మనిషి కిందికి జారిపోతున్నారు. నడుము బెల్టు పొట్ట మీదికి వచ్చి ఉంటుంది. ఆపి, నడుము వెనక్కి నెట్టి కూర్చోబెట్టి, బెల్టు కిందికి దించి బిగించండి. వీపు వెనక మెత్తటి దిండు ఉంటే తీసేయండి.

బకిల్ క్లిక్ మంది కానీ లాగితే వచ్చేసింది. లోపల మట్టి ఉంది. నాపరాయి పొడి, వేరుశనగ పొట్టు లోపలికి చేరితే నాలుక పూర్తిగా దిగదు. క్లిక్ విన్నాక ఒకసారి లాగి చూడటం అలవాటు చేసుకోండి.

డ్రైవరు తొందరపెడుతున్నాడు. ఇదీ తప్పుల్లోకే వస్తుంది. "పక్కనే కదన్నా, రెండు కిలోమీటర్లకు ఇదంతా ఎందుకు?" అంటాడు. "బ్రేకు రెండు కిలోమీటర్లలోనూ పడుతుంది కదప్పా, ఐదు నిమిషాలు ఆగు" అని చెప్పి పని పూర్తి చేయండి. బాడుగ మాట్లాడేటప్పుడే కట్టడానికి పట్టే సమయం చెప్పేస్తే ఈ వాదన రాదు. బెల్టు లేకుండా తీసుకెళ్తే సెక్షన్ 194బి కింద వెయ్యి రూపాయల జరిమానా ఉందని కూడా డ్రైవరుకు గుర్తు చేయొచ్చు.

## 10. దారిలో, దిగేటప్పుడు

కొత్తగా కట్టిన పట్టీలు మొదటి కొన్ని స్పీడ్ బ్రేకర్లకు కాస్త సర్దుకుంటాయి. ఊరు దాటి హైవే ఎక్కే ముందు ఆపి నాలుగూ పట్టుకుని చూడండి. కడప నుంచి రాయచోటి వైపు వెళ్తుంటే గువ్వలచెరువు ఘాట్ మొదలవకముందే ఆగండి. ఘాట్‌లో వరుస మలుపులు ఉంటాయి, వదులైన పట్టీ అక్కడే బయటపడుతుంది.

బెల్టు కోసే చిన్న కత్తి డ్రైవరుకు అందే చోట కట్టి ఉంచండి. మంట, పొగ వస్తే బకిళ్లు వెతికే టైం ఉండదు. మొదట మనిషి బెల్టు కోయాలి, తర్వాత కుర్చీ పట్టీలు.

దిగేటప్పుడు బండి సమతలం మీద ఆపి హ్యాండ్ బ్రేకు వేయాలి. కుర్చీ బ్రేకులు పడి ఉన్నాయా చూసి, మనిషి బెల్టు తీసి, వెనక పట్టీలు, చివరికి ముందు పట్టీలు తీయండి. కుర్చీ వెనక ఒకరు నిలబడే వరకు చివరి పట్టీ వదలకండి. ర్యాంపు మీద కుర్చీని వెనక్కి తిప్పి దించితే మనిషి ముందుకు జారడు.

## 11. వ్యాను దొరకనప్పుడు

మామూలు కారు అయితే సీటులోకి మార్చండి. ముందు సీటును పూర్తిగా వెనక్కి జరిపి, వీపు నిటారుగా పెట్టి, కారు బెల్టు వేయండి. గాలి దిండు మీద కూర్చునేవాళ్లకు ఎత్తు పెరిగి బెల్టు పొట్ట మీదికి వస్తుంది, సరిచూసుకోండి.

ఆటోలో ప్రయాణికుడికి బెల్టే ఉండదు. వీల్‌చైర్‌తో సహా ట్రాలీ ఆటోలోనో, టాటా ఏస్ వెనకాలో కూర్చోబెట్టి సదరం (వైకల్య ధ్రువపత్రం ఇచ్చే) క్యాంపుకు తీసుకెళ్లడం మన జిల్లాల్లో ఇంకా కనిపిస్తుంది. దయచేసి అది మానండి. సరుకు బండి తొట్టిలో తాడుతో కట్టిన కుర్చీ ఏ గుంతలోనైనా బోర్లా పడుతుంది. నలుగురు కలిసి ఒక కారు మాట్లాడుకోవడం, లేదా క్యాంపు తేదీని బట్టి ముందే బండి ఏర్పాటు చేసుకోవడం మేలు.

108 అంబులెన్సులో మనిషి స్ట్రెచరు మీద, దాని బెల్టులతోనే ఉండాలి. కుర్చీని మడిచి కట్టేయమనండి.

బస్సుల విషయానికొస్తే, కేంద్ర మోటారు వాహనాల నిబంధనలను 2019 డిసెంబరులో సవరించి, 2020 మార్చి 1 నుంచి బస్సుల్లో దివ్యాంగులకు ప్రత్యేక సీట్లు, పట్టుకునే కమ్మీలు, వీల్‌చైర్ ఎక్కించి లాక్ చేసే ఏర్పాట్లు ఉండాలన్నారు. మీరు ఎక్కిన బస్సులో ఆ లాక్ లేకపోతే మనిషిని సీటులోకి మార్చి, కుర్చీని మడిచి పెట్టించండి.

## 12. బెల్టుల సంరక్షణ

- నెలకోసారి పట్టీ పొడవునా వేలితో తడిమి చూడండి. దారాలు లేచినా, అంచు కోసుకుపోయినా, రంగు బాగా వెలిసినా మార్చండి. ఇంట్లో కుట్టుకోవద్దు.
- గోరువెచ్చని నీళ్లు, కాస్త మామూలు సబ్బుతో తుడిచి నీడలో ఆరబెట్టండి. పెట్రోలు, కిరోసిన్, బ్లీచింగ్ వద్దు, అవి దారాన్ని తినేస్తాయి.
- నేల రైలును వారానికోసారి బ్రష్షుతో, వీలైతే గాలితో శుభ్రం చేయండి. గ్రీజు పూయకండి, దుమ్ము అంటుకుని గట్టిపడుతుంది.
- వాడనప్పుడు పట్టీలను నేల మీద వదలకుండా సంచిలో వేలాడదీయండి. ఎలుక కొరికిన చిన్న గాటు కూడా పట్టీని పారేయడానికి చాలు.
- ఆరు నెలలకోసారి బండి కిందికి వెళ్లి నట్టులు, ప్లేట్ల తుప్పు చూడమని మెకానిక్‌కు చెప్పండి.
- ప్రమాదంలో ఒక్కసారి బలం పడిన పట్టీలు, బకిళ్లు, యాంకర్లు, ఆ వీల్‌చైర్ కూడా చూడటానికి బాగున్నా మళ్లీ ప్రయాణానికి వాడకూడదు. పట్టీలను రెండుగా కోసి పారేయండి, ఇంకొకరు తీసుకుని వాడకుండా. బీమా క్లెయిమ్‌లో వాటి ఖరీదు కూడా చేర్చి అడగండి.